నిలిపితే ఆగే బండి

పాత బుల్లెట్టు ఒకటి వీధి మలుపు తిరగక ముందే చెవికి తెలిసిపోతుంది. కరీంనగరంలో టవర్ సర్కిలు వద్ద సాయంకాలపు సందడి ఎంత ఉన్నా, ఆ మోత వేరుగా వినబడుతుంది. దానికొక తాళం ఉంది. బండిని నిలిపి ఇంజనును ఊరక తిరగనిచ్చినప్పుడు ఆ తాళం మరీ స్పష్టంగా ఉంటుంది. మెకానిక్కులు దీనినే ‘స్లో’ అంటారు. స్లో సరిగా ఉన్న బండి పక్కన నిలబడి పేలుళ్ళను ఒక్కొక్కటిగా లెక్కించవచ్చునేమో అనిపిస్తుంది.

మా బండి ఆ తాళం తప్పింది. దారిపై యాభై, అరవై కిలోమీటర్ల వేగంతో ఏ చింతా లేకుండ పోతుంది. రైల్వే గేటు దగ్గరనో, చౌరస్తాలోనో నిలిపితే నాలుగు మార్లు దగ్గి, ఒకసారి కార్బొరేటరులో తుమ్మి ఆగిపోతుంది. తిరిగి స్టార్టు చేయబోతే కిక్కు పత్తి మూట మీద కాలు వేసినట్లు మెత్తగా దిగిపోతుంది. వెనుక లారీవాడు హారను మోగిస్తూ ఉంటాడు.

ఈ బండి నాకు మా మేనమామగారి వల్ల సంక్రమించింది. ఆయన బెల్లంపల్లిలో సింగరేణి బొగ్గు గనులలో పనిచేస్తూ 1971లో దీనిని కొన్నారు. ఆసిఫాబాదుకు, కాగజ్‌నగరుకు, శలవు దినాలలో ఉట్నూరు వైపు అడవులకు, ఆయన దీని మీదనే తిరిగేవారు. ఆయన కాలం చేసిన తరువాత చాలా ఏళ్ళు వసారాలో దుప్పటి కప్పుకొని నిలబడి, చివరకు నా వద్దకు చేరింది.

బుల్లెట్టు వంశచరిత్ర రెండు మాటలలో చెప్పుకొనవచ్చు. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణపు రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ, మన మద్రాస్ మోటార్స్ కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించాయి. మద్రాసు శివారు తిరువొట్టియూరులో కర్మాగారం వెలిసింది. మొదట విడిభాగాలు ఓడలో వచ్చేవి, ఇక్కడ బిగించేవారు. కొద్ది సంవత్సరాలలోనే అన్నీ ఇక్కడనే తయారు కాసాగాయి. 1967లో రెడ్డిచ్ కర్మాగారం మూతపడింది. 1970 నాటికి ఇంగ్లండులో ఆ పేరుతో బండ్ల తయారీయే నిలిచిపోయింది. పుట్టిల్లు అంతరించినా మెట్టినింట ఆ ఇంజను నలభై ఏళ్ళు బ్రతికింది. పాత ఇనుప బారెలు ఇంజను 2010 ప్రాంతం వరకు మన దేశంలో తయారవుతూనే ఉండేది. దాని కొలతలు చదువరులు గుర్తుంచుకొనదగినవి, ముందు ముందు లెక్కకు వస్తాయి. సిలిండరు వ్యాసం 70 మిల్లీమీటర్లు. పిస్టను ఎక్కి దిగే దూరం 90 మిల్లీమీటర్లు. పిస్టను ఒక్కసారి దిగినప్పుడు ఏర్పడే చోటు 346 ఘన సెంటీమీటర్లు.

బండిని తీసుకొనిపోయి మాకు పరిచయమైన ఒక ఉస్తాదుకు చూపించాను. ఆయన కిక్కు మీద రెండు మార్లు కాలు వేసి, తల అడ్డంగా ఊపాడు.

“సార్, దీంట్ల ఇగ దమ్ము లేదు. బోరు కొట్టిచ్చి కొత్త పిస్టను ఎక్కియ్యాలె. ఒక వారం ఇడిసిపెట్టుండ్రి.”

దమ్ము అంటే కంప్రెషన్. ఆ మాట నాకు ఎంతో నచ్చింది గాని తీర్పు మాత్రం గుండెలో రాయి పడినట్లయింది. ఖర్చు సంగతి అట్లుంచండి. సిలిండరు లోపలి గోడ అరిగి గుండ్రదనం తప్పినప్పుడు లేతు మీదనో, బోరింగు మిషను మీదనో దానిని కొంచెం తొలిచి, ఆ మేరకు పెద్ద పిస్టను వేస్తారు. ప్రతిసారీ ఇనుము కొంత పోతుంది. పోయినది తిరిగి రాదు. ఓవర్‌సైజు పిస్టన్లు కొన్ని మెట్ల వరకే దొరుకుతాయి. ఆ మెట్లు అయిపోతే బారెలుకు లోపల లైనరు దిగగొట్టించవలసిందే. మా బారెలు అప్పటికే రెండు మార్లు తొలిచినది. ఇంకొక మెట్టు మిగిలి ఉన్నదేమో. యాభై ఏళ్ళు దాటిన బండికి అది చివరి సొమ్ము వంటిది. అవసరమైతే ఖర్చు చేయవలసిందే. కాని అవసరమా కాదా తేల్చుకొనకుండ పెట్టె తాళం తీయడానికి మనసొప్పలేదు. “ఒక్క వారం ఆగుదాం ఉస్తాద్” అని బండిని నెట్టుకొంటూ ఇంటికి వచ్చాను.

మా పొరుగింట తొమ్మిదవ తరగతి చదివే కుర్రవాడొకడు ఉన్నాడు. ఏ యంత్రం విప్పినా అక్కడ ప్రత్యక్షమవుతాడు. వాడు అడిగిన ప్రశ్న నన్ను రెండు రోజులు నిలువనీయలేదు.

“సార్, రోడ్డు మీద మంచిగనే ఉరుకుతది గద. నిలవెడితేనే ఎందుకు బందైతది? బోరు అరిగితే ఉరికేటప్పుడు సుత ఇబ్బంది వెట్టాలె గద?”

వాని వాదం వినడానికి ఎదురులేనిదిగా ఉంది. కాని సగమే నిజం. మిగిలిన సగం తెలియాలంటే ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు లోపల ఏమి జరుగుతున్నదో చూడాలి.

ఇది నాలుగు స్ట్రోకుల ఇంజను. గాలిని, పెట్రోలు ఆవిరిని పీల్చడం ఒకటి, దానిని అదమడం రెండు, మండించి ఆ శక్తితో పిస్టనును దించడం మూడు, పొగను వెళ్ళగొట్టడం నాలుగు. నాలుగింటిలో ఒక్కటే సంపాదన. మిగిలిన మూడూ ఖర్చులు. ఆ ఖర్చులను బరువైన చక్రం, అనగా ఫ్లైవీలు, తన వేగంలో దాచుకొన్న శక్తితో భరిస్తుంది. వేగంగా పోయేటప్పుడు ఆ నిలువ పుష్కలం, ఒక పేలుడు తప్పినా ఎవరికీ తెలియదు. స్లోలో నిలువ స్వల్పం. నిమిషానికి 900 చుట్లు తిరిగే ఇంజనులో పేలుళ్ళు 450 మాత్రమే. వాటిలో రెండు తప్పితే బండి దగ్గుతుంది, నాలుగు తప్పితే ఆగుతుంది.

అదమడం సంగతి చూడండి. 900 చుట్ల వేగంలో ఒక చుట్టుకు సెకనులో పదిహేనవ వంతు పడుతుంది. పిస్టను క్రింది నుండి పైకి రావడానికి అందులో సగం, అనగా ముప్పైయవ వంతు. 3600 చుట్ల వేగంలో ఇదే పనికి నూట ఇరవైయవ వంతు చాలు. వాయువు తప్పించుకొనే సందు ఎక్కడనైనా ఉంటే, స్లోలో దానికి నాలుగింతల వ్యవధి చిక్కుతుందన్నమాట. చిల్లుకుండతో నీళ్ళు మోసేవాడు పరుగెత్తితే కొన్నయినా ఇంటికి చేరతాయి. నిదానంగా నడిస్తే దారిలోనే కారిపోతాయి.

కార్బొరేటరు వైపున కూడ ఇదే న్యాయం మరొక విధంగా పనిచేస్తుంది. స్లోలో గాలి వచ్చే దారి దాదాపు మూసి ఉంటుంది. పిస్టను పీల్చబోతే లోపల శూన్యం బలంగా ఏర్పడుతుంది. ఆ సమయంలో కార్బొరేటరుకు, హెడ్డుకు మధ్యనున్న అతుకులో వెంట్రుకవాసి సందు ఉన్నా, అక్కడినుండి దొంగగాలి దూరి మిశ్రమాన్ని పలుచన చేస్తుంది. ఏక్సిలరేటరు తిప్పితే అసలు దారి తెరుచుకొంటుంది. ఆ ప్రవాహం ముందు దొంగగాలి లెక్కలోనిది కాదు.

కాబట్టి నిలబెడితే ఆగే బండిలో బోరు అరిగి ఉండవచ్చు, వాల్వు కారుతుండవచ్చు, అతుకు వదులై ఉండవచ్చు. లక్షణం ఒక్కటే, రోగాలు అనేకం. కుర్రవాని ప్రశ్న బోరును నిర్దోషిగా విడిచిపెట్టదు. కాని దానినొక్కదాన్నే దోషిగా నిలబెట్టడానికి కూడ వీలులేదని తేల్చింది.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. స్లో చెడితే నూటికి తొంబై మంది మొదట చేసే పని కార్బొరేటరు స్క్రూలు తిప్పడం. చేతికి అందేవి అవే గనుక. దమ్ము సరిగా లేని ఇంజనుకు కార్బొరేటరు సవరించడం జ్వరం కొలవకుండ మందు మార్చడం వంటిది. ముందు దమ్ము, తరువాత నిప్పు, చివరకు పెట్రోలు. ఈ వరుస తప్పితే ఉన్న తప్పునకు మనం కొత్తవి రెండు చేరుస్తాము.

దమ్ము చూడడానికి మీటరు ఉండవలసిన పని లేదు. ఇంజను ఆపి, పిస్టను అదిమే స్ట్రోకులోకి వచ్చేవరకు కిక్కును మెల్లగా దించి, దాని మీద శరీరపు బరువు నిలపాలి. మంచి ఇంజను మనిషిని కొన్ని క్షణాలు మోసి, తరువాత మెల్లగా దిగుతుంది. మా బండి నన్ను ఒక్క క్షణమైనా మోయలేదు. మీటరు ఉంటే మంచిదే. కాని ఏక్సిలరేటరు పూర్తిగా తెరిచి కిక్కు కొట్టాలి, లేకుంటే గాలి చాలక అంకె తప్పు చెబుతుంది.

తరువాతిది నూనె పరీక్ష. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రం గుండా ఒక చెంచాలో సగం ఇంజను ఆయిలు పోసి, మెల్లగా నాలుగైదు మార్లు తిప్పి, మళ్ళీ దమ్ము చూడాలి. పిస్టను రింగుల చుట్టూ నూనె చేరి సందులను తాత్కాలికంగా మూస్తుంది. దమ్ము గణనీయంగా పెరిగిందా, రింగులో బోరో అరిగినట్లు. పెరగలేదా, వాయువు మరొక దారిన పోతున్నట్లు. బుల్లెట్టు సిలిండరు నిటారుగా ఉంటుంది గనుక నూనె అన్ని వైపులకు సమంగా పరుచుకొంటుంది. వాలుగా పడుకొన్న సిలిండర్లలో ఈ పరీక్షను అంతగా నమ్మరాదు.

నూనె ఎక్కువ పోస్తే ఏమవుతుందని కుర్రవాడు అడిగాడు. మంచి లెక్క దొరికిందని కాగితం ఇచ్చాను. కంప్రెషన్ నిష్పత్తి 6.5 అనుకొందాము. పిస్టను పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు 346ను 5.5తో భాగించినంత, అనగా సుమారు 63 ఘన సెంటీమీటర్లు. అందులో ఒక నిండు చెంచా, 5 ఘన సెంటీమీటర్ల నూనె పోస్తే మిగిలేది 58. అప్పుడు నిష్పత్తి ఏడుకు చేరుతుంది. రింగులు ఎట్లా ఉన్నా సరే, నూనె చోటు ఆక్రమించినందుకే దమ్ము కొంత పెరిగినట్లు కనబడుతుందన్నమాట! ఆ కొద్దిపాటి పెరుగుదల చూసి బోరు కొట్టించినవారు ఎంతమందో. మరీ ఎక్కువ పోయడం ప్రమాదం. నూనె నలగదు గనుక పిస్టను పైకి రాలేక ఏదో ఒకటి వంగుతుంది.

మా బండిలో సగం చెంచా నూనెకు దమ్ములో మార్పే రాలేదు. నీలిపొగ కూడ ముందునుండీ లేదు. అప్పుడు నాకు మొదటిసారి ఊపిరి సలిపింది.

ఆ తరువాతి పరీక్షకు ఉస్తాదునే ఆశ్రయించాను. ఆయన ఒక పాత ప్లగ్గు తీసుకొని, పింగాణీ పగులగొట్టి, మిగిలిన ఇనుప గొట్టానికి ట్యూబు వాల్వు అతికించాడు. దానిని ప్లగ్గు చోట బిగించి, పక్కనున్న పంక్చరు దుకాణం గాలి మిషనుతో మూడు నాలుగు కిలోల వత్తిడి ఎక్కించాము. పిస్టను సరిగ్గా పై కొసన, రెండు వాల్వులు మూసి ఉన్న స్థితిలో నిలపడం ముఖ్యం. కొంచెం అటూ ఇటూ అయితే గాలి పిస్టనును తోసి, కిక్కు ఎగిరి కాలి ఎముక విరుగుతుంది. పిల్లలు దీనిని ఒంటరిగా చేయరాదు. ఇక చెవులకే పని. కార్బొరేటరు నోటి వద్ద బుస వినబడితే గాలి పీల్చే వాల్వు. క్రాంకుకేసు ఊపిరిగొట్టం వద్ద వినబడితే రింగులు. సైలెన్సరులో వినబడితే పొగ వాల్వు.

బుస సైలెన్సరులో వినబడింది.

“ఎగ్జాస్టు వాల్వు. హెడ్డు దించాలె” అన్నాడు ఉస్తాదు. బోరు మాట విడిచిపెట్టాడు గదా అని సంతోషించాను. అయితే కుర్రవాడు హేండిలు ఎడమ ప్రక్కనున్న చిన్న మీటను పట్టుకొని ఆడిస్తూ ఉన్నాడు. మీట ఆడినప్పుడల్లా బుస స్వరం మారుతున్నది.

ఆ మీట డీకంప్రెసరుది. బుల్లెట్టుకు హెడ్డులో రెండు వాల్వులు గాక, ఈ చిన్నది మూడవది. పెద్ద సిలిండరును కాలితో తిప్పడం కష్టం గనుక, పిస్టనును పై కొస దాటించేందుకు ఈ మీట లాగి అదిమిన వాయువును విడిచిపెడతారు. మా బండిలో అది పొగ దారిలోకే తెరుచుకొంటుంది. అందుచేత దాని బుస కూడ సైలెన్సరులోనే వినబడుతుంది. దాని కేబులు ఎవరో మార్చినప్పుడు వదులు ఉంచకుండ బిగించారు. మీట ముట్టుకొనకున్నా వాల్వు లేశమాత్రం తెరుచుకొనే ఉంది. ఉస్తాదు మాట్లాడకుండ కేబులు కొస ఊడదీశాడు. బుస సగానికి తగ్గింది.

మిగిలిన సగానికి రెండు కారణాలు దొరికాయి. చాలా కాలం అరకొరగా మూసుకొన్నందున డీకంప్రెసరు అంచున మసి గట్టిపడింది. దానిని విప్పి, గ్రైండింగు పేస్టుతో కొద్దిసేపు నూరి శుభ్రం చేస్తే సరిపోయింది. రెండవది ట్యాపెట్లు. బుల్లెట్టుకు ఇంజను చల్లగా ఉన్నప్పుడు, అదిమే స్ట్రోకు పై కొసన, పుష్‌రాడ్డు వ్రేళ్ళతో త్రిప్పితే సులువుగా తిరగాలి, పైకి క్రిందికి మాత్రం ఆడరాదు. మా బండి పొగ వాల్వు రాడ్డు అసలు తిరగనే లేదు. వాల్వు దాని గద్దెలోకి అరిగి దిగినకొద్దీ ఈ సందు తగ్గిపోతుంది. చివరకు వాల్వు పూర్తిగా మూసుకొనదు. మోత పుట్టించేది వదులు ట్యాపెట్టు, అందరూ దానినే సవరిస్తారు. వాల్వును కాల్చేది బిగుతు ట్యాపెట్టు, అది మోత చేయదు. సవరించిన తరువాత గాలి ఎక్కించి చూస్తే, చెవి ఆనించి వింటే తప్ప బుస లేదు. హెడ్డు దించలేదు. కిక్కు మీద నిలబడితే బండి నన్ను మోసింది.

అయినా స్లో నిలబడలేదు! ఆగిపోవడం మానింది గాని, వేగం తనంతట తాను ఎక్కుతూ దిగుతూ ఉన్నది. ఇక నిప్పు వంతు. పాయింట్ల సందు 0.4 మిల్లీమీటరు దగ్గర ఉంచి, వాటి ముఖాలు సాపు చేశాము. స్పార్కును వేగాన్నిబట్టి ముందుకు జరిపే బరువుల స్ప్రింగులు సాగిపోతే స్లోలోనే స్పార్కు తొందరపడుతుంది. మావి బాగానే ఉన్నాయి. చివరకు కార్బొరేటరు వద్దకు వచ్చాము. ఇది అసలుది కాదు, మధ్యలో ఎవరో మార్చిన మిక్‌కార్బ్. ఇంజను తిరుగుతుండగా అతుకు చుట్టూ నూనె డబ్బాతో ఒక్కొక్క చుక్క వేశాడు ఉస్తాదు. పై వైపు వేసినప్పుడు ఏమీ కాలేదు. క్రింది మూల వేసిన చుక్క లోపలికి మాయమై, మోత ఒక్కసారిగా నెమ్మదించింది. దొంగగాలి దారి అదే. రెండు నట్లను అతిగా బిగించడంవల్ల కార్బొరేటరు ముఖం మధ్యలో విల్లులా వంగింది. వదులుగా ఉన్నదేమోనని ఇంకా బిగించినకొద్దీ ఇంకా వంగుతుంది. అద్దపు పలక మీద సన్నని ఎమరీ కాగితం పరచి, ముఖం సమమయ్యేవరకు కుర్రవాడు అరగంట రుద్దాడు.

ఆ తరువాత స్క్రూలు తిప్పడం పది నిమిషాల పని. ఇంజనును బాగా వేడెక్కించి, గాలి స్క్రూను నొక్కకుండ లోపలి వరకు తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనుకకు తీసి, ఏ చోట మోత నిలకడగా, వేగంగా ఉంటుందో అక్కడ ఉంచి, స్లో స్క్రూతో వేగం తగ్గించాలి. మళ్ళీ ఒకసారి మొదటిది, మళ్ళీ రెండవది. మా బండికి స్క్రూ కొంచెం లోపలికే నిలిచింది. దానికి నేటి పెట్రోలు కూడ కారణమే. 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు 2023లో అమ్మకానికి వచ్చి, 2025 నాటికి బంకులలో సామాన్యమైపోయింది. ఇథనాలులో ప్రాణవాయువు ముందే ఉన్నందున పాత కార్బొరేటరు ఇచ్చే మిశ్రమం పలుచన అవుతుంది. గాలి స్క్రూను లోపలికి తిప్పి కొంత చిక్కబరచాలి. అది తేమను కూడ పీల్చుకొంటుంది. నెలల తరబడి నిలిపి ఉంచే బండిలో టాంకు, కార్బొరేటరు ఖాళీ చేయడం మేలు.

గాలి వడపోత సంగతి ఒకటి మిగిలింది. గోదావరిఖని, శ్రీరాంపూరు వైపు బొగ్గు దుమ్ము, ఆదిలాబాదు వైపు పత్తి దూది ఎంత ఉంటాయో అక్కడి పంతుళ్ళకు చెప్పవలసిన పని లేదు. వడపోత మూసుకొనిపోయిందని దానిని తీసి పారవేసి తిరిగేవారున్నారు. బోరు నిజంగా అరిగేది అప్పుడే.

డిసెంబరులో ఉట్నూరు ప్రయాణం పెట్టుకొన్నాను. ఉస్తాదుకు అక్కడ బంధువులున్నారట, వెనుక కూర్చున్నాడు. జగిత్యాల, ధర్మపురి దాటి, రాయపట్నం వంతెన మీద గోదావరిని దాటాము. 2016లో రెండు పాత జిల్లాలు విడిపోయి ఎనిమిదయ్యాయి గనుక ఆ ఒక్క దారిలో ఎన్ని జిల్లాలు మారామో లెక్క పెట్టుకోవడం వినోదంగా ఉంది. లక్షెట్టిపేట దాటిన తరువాత చలి మొదలైంది. జన్నారం వద్ద అటవీశాఖ చెక్‌పోస్టులో బండి నిలిపాను. అక్కడినుండి కవ్వాల పులుల అడవి. కాపలాదారు వచ్చి ఎక్కడికని అడిగాడు. నేను చెప్పాను. ఆయన చెవి దగ్గర చేయి పెట్టుకొని మళ్ళీ అడిగాడు. బండి ఒకే తాళంలో కొట్టుకొంటూనే ఉంది.

“జర బంద్ చెయ్యండ్రి సార్, మాట వినవడుతలేదు.”

నేను డీకంప్రెసరు మీట మీద వ్రేలు వేశాను. వెనుకనుండి ఉస్తాదు నా భుజం తట్టాడు.

“మెల్లగ గుంజుండ్రి సార్. కేబులు మల్ల బిగుస్తది.”